సెమీ ట్రక్కు తాళంచెవి లోపల ఉండగానే తలుపు లాక్ పడిపోతోంది: మీరంతా ఏ జాగ్రత్త తీసుకుంటున్నారు?

ప్రశ్న (కొత్త డ్రైవరు)

అందరికీ నమస్కారం. ట్రైలర్‌ను లాగే సెమీ ట్రక్కు మీద ఒంటరిగా దూర ప్రయాణాలు చేయడం మొదలుపెట్టి నాకు ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో రెండుసార్లు, ఇంజను నడుస్తూ తాళంచెవి ఇగ్నిషన్‌లోనే ఉండగా తలుపు లాక్ పడి, నేను బయట నిలబడిపోయాను. మొదటిసారి పగటిపూట మా యార్డులోనే జరిగింది కాబట్టి, ఆఫీసులో ఉన్న మారు తాళంచెవితో పది నిమిషాల్లో తలుపు తెరిచారు. రెండోసారి అంత తేలికగా గట్టెక్కలేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు, ముందురోజు రాత్రి ఆగిన చోట, ఇంజను వేడెక్కడానికీ బ్రేకులకు గాలి నిండడానికీ బండి స్టార్టు చేసి ఉంచి, బయలుదేరే ముందు చేసే తనిఖీ కోసం టార్చి పట్టుకుని కిందికి దిగాను. టైర్లు, లైట్లు, ట్రైలర్‌కు వెళ్లే గాలి పైపులు చూసుకుంటూ వెనక దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి, నేను ఓరగా వేసి వెళ్లిన తలుపు గాలికి పూర్తిగా మూసుకుపోయి ఉంది, లాక్ కూడా పడి ఉంది. ఫోను, పర్సు, చలికోటు అన్నీ లోపలే ఉన్నాయి. పక్క బండి డ్రైవరు నిద్ర లేచేదాకా దాదాపు గంటసేపు చలిలో నిలబడ్డాను. ఆయన ఫోనుతో కంపెనీకి చెప్పిన తర్వాత, తాళాలు తీసే మనిషి వచ్చేసరికి మరో రెండు గంటలు గడిచాయి. మధ్యలో అద్దం పగలగొడదామన్న ఆలోచన వచ్చింది గానీ, ఏ అద్దం పగలగొట్టాలో, పగలగొట్టాక బండి నడపడానికి వీలవుతుందో లేదో తెలియక ఆగిపోయాను.

అప్పటి నుంచి కిందికి దిగిన ప్రతిసారీ నా మనసు తలుపు దగ్గరే ఉంటోంది, తనిఖీ మీద పెట్టవలసిన దృష్టి సగం అటే పోతోంది. ఇది మంచిది కాదని తెలుసు కాబట్టే అడుగుతున్నాను. కంపెనీ నాకు ఒకే తాళంచెవి ఇచ్చింది. రెండోది చేయించుకుని బండి కింద ఎక్కడైనా దాచుకోవడం మంచిదేనా, లేక దొంగకు మనమే దారి చూపినట్టవుతుందా? ఇంజను నడుస్తుండగా దిగడమే మానుకోవాలా? తలుపు దానంతట అదే లాక్ పడటం ఈ బండ్లలో మామూలేనా, లేక నా బండిలో ఏదైనా లోపం ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే రుణపడి ఉంటాను.

సమాధానం (ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న డ్రైవరు)

చలికోటు లేకుండా గంటసేపు బయట నిలబడటం ఎంత కష్టమో నాకు అనుభవమే. నాకూ మొదటి మూడేళ్లలో ఇలా జరిగింది, ఆ తర్వాత మళ్లీ జరగలేదు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: బయట నిలబడి, చేతిలో ఉన్న తాళంచెవితో తిప్పితే తప్ప తలుపును లాక్ చేయను. లోపలి బొత్తాం నొక్కి దిగి తలుపు వేసే అలవాటు మీకు ఉంటే దాన్ని ఈ రోజే వదిలేయండి. బొత్తాం నొక్కే వేలికి తాళంచెవి ఎక్కడుందో తెలియదు. అదే బయటి నుంచి తిప్పి లాక్ చేస్తే, ఆ తాళంచెవి లోపల ఉండిపోవడానికి వీలే లేదు. పొద్దున్నా సాయంత్రమూ, యార్డులోనూ దారిలోనూ, వాన పడుతున్నా తొందరలో ఉన్నా, ప్రతిసారీ ఇదే పద్ధతి పాటిస్తే రెండు నెలల్లో మీరు ఆలోచించకుండానే చేయి అలా నడుస్తుంది. తనిఖీ చేస్తుండగా తలుపు గుర్తుకు రావడం కూడా ఆగిపోతుంది.

అయితే ఇది సాగాలంటే రెండు తాళంచెవులు తప్పనిసరి. ఇంజను నడుస్తుంటే ఒకటి ఇగ్నిషన్‌లో ఉంటుంది, కాబట్టి తలుపు వేయడానికి మరొకటి మీ ఒంటి మీద ఉండాలి. ఒంటి మీద అంటే చలికోటు జేబులో అని అర్థం చేసుకోకండి, ఎందుకంటే క్యాబిన్‌లోకి ఎక్కగానే మనం మొదట తీసేది ఆ కోటునే. ప్యాంటు బెల్టుకు గట్టి కొక్కెంతో వేలాడదీయండి, లేదా మెడలో తాడుకు వేసుకుని చొక్కా లోపలికి జారవేసుకోండి. తాడు వేసుకునేవారు ఒక విషయం గమనించాలి: తిరిగే యంత్రభాగాల దగ్గర వంగినప్పుడు తాడు చిక్కుకునే ప్రమాదం ఉంది, అందుకే గట్టిగా లాగితే దానంతటదే విడిపోయే రకం తాడునే వాడాలి. నేను బెల్టునే నమ్ముకున్నాను. రాత్రి పడుకునే ముందు బెల్టు తీసినా, పొద్దున బెల్టు పెట్టుకోకుండా కిందికి దిగను కదా.

ఇంజను నడుస్తుండగా దిగడం మానుకోవాలా అని అడిగారు. పూర్తిగా మానుకోవడం మన పనిలో కుదరదు. గాలి ఎక్కడ లీకవుతోందో వినాలన్నా, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడాలన్నా, ఎగ్జాస్టు ఫిల్టరును శుభ్రం చేసే రీజెన్ కోసం బండిని నిలబెట్టాలన్నా ఇంజను నడుస్తూనే ఉండాలి. కానీ నడుస్తున్న బండిని లాక్ చేయకుండా వదిలి వెనక్కి వెళ్లడం, తలుపు లాక్ పడిపోవడం కంటే పెద్ద తప్పు. అంత పొడవున్న ట్రైలర్ వెనక నిలబడ్డ మనిషికి క్యాబిన్ తలుపు కనిపించదు. ఇంజను చప్పుడులో ఎవరైనా ఎక్కినా వినిపించదు. అందుకే నడుస్తున్నా, ఆపి ఉన్నా, దిగితే లాక్ వేయాల్సిందే. ఆ లాక్ చేతిలోని తాళంచెవితోనే వేయాలి.

చివరగా, రెండు నిమిషాల పనికి దిగినా ఫోను జేబులో ఉండాలి, చలికాలమైతే కోటు ఒంటి మీద ఉండాలి. మీకు లోడులు అప్పగించే డిస్పాచర్ నంబరునూ, కంపెనీ వారి రోడ్డు సహాయం నంబరునూ ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, ఆ పర్సు కూడా మీతోనే దిగాలి. ఫోను లోపల చిక్కుకున్న రోజున పక్కవారి ఫోను దొరికినా, ఎవరి నంబరూ గుర్తుకు రాదు.

సమాధానం (భారీ వాహనాల తాళాల పని చేసే వ్యక్తి)

పైన చెప్పిన నియమంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పనిముట్ల వైపు నుంచి నాకు తెలిసింది చెబుతాను.

ముందు మీ తలుపు సంగతి. తలుపును విసురుగా వేస్తే పాత రకం బండ్లలో లాక్ దానంతట అది పడటం నేను చాలాసార్లు చూశాను. తలుపు లోపల బొత్తాం నుంచి, తలుపును మూసి పట్టి ఉంచే లాచ్ వరకూ ఒక సన్నని కడ్డీ వెళ్తుంది. ఆ కడ్డీని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు అరిగి వదులైతే, తలుపు పడిన అదురుకే బొత్తాం కిందికి జారుతుంది. ఎలక్ట్రిక్ లాకులున్న బండ్లలో కారణం వేరుగా ఉండవచ్చు. క్యాబిన్ నుంచి తలుపులోకి వెళ్లే వైర్లు కీలు దగ్గర ఒక రబ్బరు గొట్టంలోంచి పోతాయి. తలుపు వేలసార్లు తెరిచి మూసేసరికి అక్కడే అవి నలిగి, తొడుగు చిట్లి, ఒకదానికొకటి తగిలినప్పుడల్లా లాక్ పడుతుంది. కిటికీ అద్దం అప్పుడప్పుడూ మొరాయించడం, తలుపు కదిలించినప్పుడు స్పీకరు ఆగిపోవడం వంటివి కూడా మీ బండిలో కనిపిస్తుంటే ముందుగా ఆ వైర్లనే అనుమానించండి. ఇవి కాక, కొన్ని బండ్లలో రిమోట్‌తో లాక్ తీసి కొద్ది సెకన్లలో ఏ తలుపూ తెరవకపోతే మళ్లీ లాక్ పడే ఏర్పాటు ఉంటుంది. అది లోపం కాదు, తయారీలోనే అలా పెట్టారు. మీ విషయంలో తలుపు గాలికి పడిన వెంటనే లాక్ అయిందంటున్నారు కాబట్టి, కడ్డీనీ లాచ్‌నూ మెకానిక్‌కు చూపించమని నా సలహా. పరీక్షించడం సులభం: రెండో తాళంచెవి చేతిలో పెట్టుకుని, లేదా అవతలి కిటికీ దించి ఉంచి, తలుపును ఒక ఇరవైసార్లు మామూలుగానూ, ఒక ఐదారుసార్లు గట్టిగానూ వేసి చూడండి.

రెండో తాళంచెవి చేయించేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, అరిగిపోయిన పాత తాళంచెవిని ఇచ్చి దానికి నకలు తీయించడం. అరుగుదల కూడా నకలులోకి వస్తుంది, నకలుకు నకలు తీస్తే తేడా మరింత పెరుగుతుంది. చాలా ట్రక్కులకు తాళంచెవి కోడు ఉంటుంది. కొత్త తాళంచెవి మీదనో, దానితో ఇచ్చిన చిన్న రేకు మీదనో, కొన్నిసార్లు లాకు మీదనో అది చెక్కి ఉంటుంది. ఆ కోడు ప్రకారం కోయిస్తే ఫ్యాక్టరీ కొలతకు సరిపోతుంది. కోడును రాసి ఇంట్లోనో, కంపెనీ ఆఫీసులోనో భద్రపరచండి. అది తెలిసినవారు ఎవరైనా మీ బండికి తాళంచెవి చేయించగలరు కాబట్టి బండిలో మాత్రం ఉంచకండి.

ఇగ్నిషన్‌కు చిప్పున్న తాళంచెవి అవసరమైన బండ్లలో మీకు ఒక మేలు ఉంది. చిప్పు లేకుండా కోసిన మామూలు తాళంచెవి తలుపును తెరుస్తుంది గానీ ఇంజనును స్టార్టు చేయనివ్వదు. అందుబాటులో దాచుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు: దొంగ చేతికి చిక్కినా లోపలి సామాను పోతుందేమో గానీ బండి కదలదు. చిప్పు అక్కర్లేని బండ్లలో, తలుపుకూ ఇంజనుకూ ఒకే తాళంచెవి అయితే, దాచడం నిజంగా ప్రమాదమే. అటువంటప్పుడు ఒంటి మీద పెట్టుకోవడమే సరైన మార్గం.

దాచే చోటు గురించి రెండు మాటలు చెప్పాలి. అయస్కాంతం ఉన్న చిన్న పెట్టెలను ఛాసిస్‌కు అంటిస్తుంటారు, కానీ బురద, తుప్పు, రోడ్డు అదురు కలిసి వాటిని ఎప్పుడో ఒకప్పుడు రాల్చేస్తాయి. అది రాలిపోయిందన్న సంగతి అవసరం పడ్డ రోజునే తెలుస్తుంది. దొంగలు మొదట చేయి పెట్టి తడిమేదీ బంపరు వెనక, చక్రాల పైభాగాన, డీజిలు ట్యాంకు పట్టీల కింద, సరిగ్గా మనకు తోచే చోట్లలోనే. అంకెలు తిప్పి తెరిచే చిన్న తాళపు పెట్టెను ఛాసిస్‌కు బోల్టుతో బిగించడం మేలు. అది కుదరకపోతే, తాళంచెవిని ప్లాస్టిక్‌లో చుట్టి, విప్పడానికి కటింగ్ ప్లేయరు కావలసినంత గట్టిగా తీగతో కట్టేయండి. ఎగ్జాస్టుకూ, తిరిగే భాగాలకూ, గాలి పైపులకూ దూరంగా ఉండేలా చూసుకోండి. ఒక్కటి మాత్రం మరువకండి: తాళంచెవిని ట్రైలర్‌కు దాచవద్దు. ట్రైలర్ ఈ రోజు మీ వెనక ఉంటుంది, రేపు ఎవరో లాక్కెళ్తారు, దానితో పాటు మీ తాళంచెవీ వెళ్తుంది. ఇలా పోగొట్టుకున్నవారి కోసం నేను పనికి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి.

తలుపు లాకులోని సిలిండరును రిమోట్ వచ్చాక ఎవరూ వాడటం లేదు, అందువల్ల అది లోపల దుమ్ముతో బిగుసుకుపోతోంది. రిమోట్‌లో బ్యాటరీ అయిపోయిన రాత్రి, దానిలోంచి లోహపు తాళంచెవి తీసి పెడితే అది తిరగదు, బలవంతం చేస్తే విరుగుతుంది. నెలకొకసారైనా రెండు తలుపులనూ తాళంచెవితోనే తీసి వేయండి. గ్రాఫైట్ పొడి గానీ, టెఫ్లాన్ ఉన్న పొడి రకం స్ప్రే గానీ వాడండి. జిగురుగా ఉండే నూనె వేస్తే అది దుమ్మును పట్టి ఉంచుతుంది. చలి ప్రాంతాల్లో నడిపేవారు లాకులో గడ్డకట్టిన మంచును కరిగించే ద్రవాన్ని జేబులో ఉంచుకోవాలి. దాన్ని డ్యాష్‌బోర్డు మీద పెట్టి తలుపు వేసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇక అద్దం గురించి. మీరు పగలగొట్టకుండా ఆగినందుకు సంతోషం. పార్కింగ్ బ్రేకు వేసి ఉంటే, నడుస్తున్న ఇంజనును చూసి కంగారు పడనవసరం లేదు. గాలి మొత్తం పోయినా ఆ బ్రేకులను స్ప్రింగులే పట్టి ఉంచుతాయి, బండి దొర్లదు. ఖాళీగా తిరిగే ఇంజను గంటకు సుమారు 3 లీటర్ల డీజిలు తాగుతుంది కాబట్టి, మూడు గంటలు ఆగినా పదో పన్నెండో లీటర్లు దాటదు. అద్దం ఖర్చూ, అది దొరికేదాకా బండి నిలిచిపోయే నష్టమూ ఇంతకంటే చాలా ఎక్కువ. ప్రాణాపాయం ఉంటే మాత్రం ఆలోచించవద్దు, డ్రైవరు వైపు అద్దాన్ని వదిలి అవతలి వైపు అద్దాన్ని పగలగొట్టండి. డ్రైవరు వైపు అద్దం లేకుండా వానలోనూ చలిలోనూ బండి నడపడం చాలా కష్టం. మధ్యలో కంటే మూల దగ్గర, గట్టి కొన ఉన్న వస్తువుతో కొడితే తేలికగా పగులుతుంది. మెట్టు మీద నిలబడి ఒక చేత్తో పట్టుకుని కొట్టాలి కాబట్టి ముఖాన్ని పక్కకు తిప్పుకోండి. కిటికీ సందులోంచి తీగ, బద్ద దూర్చి తెరిచే ప్రయత్నాలు తలుపు లోపలి వైర్లనూ, అద్దాన్ని ఎత్తే యంత్రాన్నీ పాడుచేస్తాయి. మేమైతే తలుపు చట్రానికీ బాడీకీ మధ్య గాలి సంచిని పెట్టి కొద్దిగా ఎడం చేసి, పొడుగాటి కడ్డీతో లోపలి హ్యాండిల్‌ను లాగుతాం. ఆ ఎడం ఎక్కువైతే చట్రం వంగి, తర్వాత జీవితకాలం గాలి చప్పుడూ వాన నీళ్లూ లోపలికి వస్తాయి. కనుక ఆ పనిని తెలిసినవారికే వదలాలి. వచ్చిన మనిషికి మీరే ఆ బండి డ్రైవరని నమ్మకం కలగాలి కదా, లైసెన్సు జేబులో లేకపోతే కంపెనీ వారితో మాట్లాడించవలసి వస్తుంది.

సమాధానం (జంటగా నడిపే డ్రైవరు)

నేనూ మా బావగారూ ఒకే బండిని వంతుల వారీగా నడుపుతాం. ఇద్దరున్నారు కదా, లోపల ఒకరు ఉంటారు కదా అన్న ధీమా మమ్మల్ని రెండుసార్లు దెబ్బతీసింది. ఒకరు వెనక పడకలో చెవుల్లో దూది పెట్టుకుని గాఢ నిద్రలో ఉంటారు, మరొకరు బాత్రూముకు దిగుతారు. భద్రత కోసం తలుపు లాక్ అయ్యేలా వేసి వెళ్లి, తిరిగి వచ్చి ఎంత తట్టినా పలికేవారు ఉండరు. ఇప్పుడు ఎవరి తాళంచెవి వారి నడుముకే ఉంటుంది, ఒకరిది మరొకరు తీసుకోవడం అన్నది లేదు. తలుపు తట్టడం కంటే పడక ఉన్న వైపు గోడ మీద, తల పెట్టుకునే చోట తడితే త్వరగా లేస్తారన్నది మా అనుభవం.

మరో మాట. రాత్రి పడుకునేటప్పుడు బయటివారు తలుపు లాగలేకుండా సీటుబెల్టులను తలుపు హ్యాండిళ్లలోంచి పోనిచ్చి బిగించే అలవాటు మాలో చాలామందికి ఉంది. పొద్దున డ్రైవరు వైపు బెల్టు విప్పి దిగుతాం, అవతలి వైపుది అలాగే ఉండిపోతుంది. అప్పుడు డ్రైవరు వైపు లాకు మొరాయిస్తే, అవతలి తలుపు లాక్ తీసినా బెల్టు బిగింపు వల్ల అది తెరుచుకోదు. అందుకే లేవగానే రెండు బెల్టులూ విప్పిన తర్వాతే మెట్టు మీద కాలు పెట్టాలని మేము నిర్ణయించుకున్నాం.

సమాధానం (కుక్కను వెంట తీసుకెళ్లే డ్రైవరు)

మీ ప్రశ్నలో లేకపోయినా చెప్పక తప్పని విషయం ఇది. నా కుక్క నాతోనే ప్రయాణిస్తుంది. నేను దిగగానే అది డ్రైవరు సీటులోకి ఎక్కి, కిటికీలోంచి నన్ను చూడటానికి ముందుకాళ్లను తలుపు మీద వేస్తుంది. ఎలక్ట్రిక్ లాకు స్విచ్ సరిగ్గా అక్కడే ఉంటుంది. ఒకసారి అది లాక్ వేసిన తర్వాత ఎంత పిలిచినా మళ్లీ ఆ స్విచ్ మీద కాలు పడలేదు. ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ కోసం ఇంజను నడుస్తోంది కాబట్టి కుక్కకు ఏమీ కాలేదు. కానీ ఆ ఇంజనును చాలా బండ్లలో ఒక టైమరు కొద్ది నిమిషాల తర్వాత ఆపేస్తుందని అప్పుడే గుర్తొచ్చింది. మూసిన వాహనం ఎండలో ఉంటే పది నిమిషాల్లోనే లోపలి వేడి 10 డిగ్రీల సెల్సియస్ వరకూ పెరగగలదు. పైన తాళాల పనివారు అద్దం విషయంలో ఆగమన్నారు గానీ, లోపల పసిబిడ్డ గానీ, మూగజీవం గానీ ఉండి ఏసీ ఆగిపోయి ఉంటే దయచేసి ఆగకండి. ఒకవైపు అత్యవసర సహాయానికి ఫోను చేస్తూనే అద్దం పగలగొట్టండి. నేనిప్పుడు దిగే ప్రతిసారీ రెండో తాళంచెవి చేతిలో ఉందో లేదో చూసుకుని, కుక్కను వెనక పడక భాగంలో కట్టి, అప్పుడే దిగుతున్నాను.

తిరుగు ప్రశ్న (కొత్త డ్రైవరు)

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అన్నగారు చెప్పిన నియమాన్ని ఈ వారం నుంచే మొదలుపెట్టాను. రెండు సందేహాలు మిగిలాయి. సరుకు దించే కొన్ని గోదాముల్లో ట్రక్కు తాళంచెవిని గేటు దగ్గర అప్పగించి, వెయిటింగ్ గదిలో కూర్చోమంటారు. అప్పుడు నేను తలుపును ఎలా లాక్ చేయాలి, రెండోది నా దగ్గర ఉంచుకోవచ్చా? అలాగే, పడక కింద సామాను పెట్టుకునే అరకు బయటి నుంచి కూడా తలుపు ఉంటుంది కదా, దానిలోంచి లోపలికి దూరి వెళ్లవచ్చని ఒక మిత్రుడు చెప్పాడు. అది నిజమేనా?

సమాధానం (ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న డ్రైవరు)

గోదాముల విషయం ముందుగా చెబుతాను, ఎందుకంటే అందులో ప్రాణాలు ఇమిడి ఉన్నాయి. వారు తాళంచెవి అడిగేది మన మీద అనుమానంతో కాదు. ఫోర్క్‌లిఫ్టు ట్రైలర్‌లో ఉండగా, పని అయిపోయిందనుకుని డ్రైవరు బండిని ముందుకు కదిలిస్తే, ఆ ఫోర్క్‌లిఫ్టు మనిషితో సహా సరుకు దించే గట్టు అయిన డాక్‌కూ ట్రైలర్‌కూ మధ్య పడిపోతుంది. అటువంటి చోట ఇంజనును స్టార్టు చేయగల రెండో తాళంచెవిని జేబులో దాచుకుని ఒకదాన్ని మాత్రమే అప్పగించడం, ఆ ఏర్పాటు ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది. తలుపు మాత్రమే తెరిచే చిప్పులేని తాళంచెవి ఉన్నవారికి ఇక్కడా ఇబ్బంది లేదు. స్టార్టు చేసేదాన్ని అప్పగించి, తలుపు తాళంచెవితో లాక్ వేసి వెళ్లవచ్చు. రెండూ ఒకటే అయిన బండి మీదైతే, నా దగ్గర మరొకటి ఉందని గేటు దగ్గరే చెప్పి, వారు అడిగితే రెండూ ఇచ్చేయండి. ఇచ్చే ముందు బండిని లాక్ చేసి, ఫోను, పర్సు, కోటు, మందులు, కాగితాలు తీసుకుని దిగండి. వెయిటింగ్ గదిలో ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

పక్క అర సంగతి నిజమే, కానీ అన్ని బండ్లలో కాదు. చాలా స్లీపర్ క్యాబిన్లలో పడకను పైకి ఎత్తితే కింద ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీకే బయటి తలుపు ఉంటుంది. బయటి తలుపు లాక్ తీసి ఉండి, పడకకు పైనుంచి గొళ్లెం లేకపోతే, సన్నటి మనిషి దూరి వెళ్లగలడు. అయితే ఆ బయటి తలుపును తెరిచే మీట ఎక్కువ బండ్లలో క్యాబిన్ లోపలే ఉంటుంది, కాబట్టి అది ముందే తెరిచి ఉంటే తప్ప ఉపయోగపడదు. దీనికోసమని దాన్ని తెరిచి ఉంచడం అసలు వద్దు: మీరు దూరగలిగిన చోట, మీరు నిద్రపోతుండగా మరొకరూ దూరగలరు. ఒక పగటిపూట, తాళంచెవి చేతిలో పెట్టుకుని, మీ బండిలో ఆ దారి ఎలా ఉందో ఒకసారి చూసి పెట్టుకోండి, అంతవరకే. కిటికీ సగం దిగి ఉంటే అందులోంచి ఎక్కడం కూడా చేయవద్దు. రెండు చేతులూ ఒక కాలు, లేదా రెండు కాళ్లూ ఒక చేయి ఎప్పుడూ బండిని పట్టుకుని ఉండాలన్నది మనం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పాటించే పద్ధతి. కిటికీలోంచి దూరేవారికి ఆ పట్టు దొరకదు, అంత ఎత్తు నుంచి వెనక్కి పడితే నడుము విరుగుతుంది.

సమాధానం (రవాణా సంస్థలో బండ్ల నిర్వహణ చూసే వ్యక్తి)

నా వైపు నుంచి ఒక్క విషయమే. బండి కంపెనీదైతే, వారికి చెప్పకుండా బయట తాళంచెవి చేయించకండి. చాలా సంస్థలు ఒక వరుస బండ్లన్నిటినీ ఒకే తాళంచెవితో తెరుచుకునేలా తెప్పించుకుంటాయి. అప్పుడు మీ జేబులోని నకలు మీ ఒక్క బండికే చెందదు, యార్డులోని బండ్లన్నీ దానితో తెరుచుకుంటాయి, అది పోతే నష్టం ఎంత పెద్దదో ఊహించండి. రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే కారణం అడగండి. మూడు గంటలు ఆగిన బండీ, ఆలస్యమైన సరుకూ, తాళాలు తీసినవారి బిల్లూ కలిపితే ఎంతవుతుందో లెక్క కట్టి చూపిస్తే, తాళంచెవి ఇవ్వడమే చవక అని ఏ మేనేజరైనా ఒప్పుకుంటారు. మా దగ్గర ప్రతి డ్రైవరుకూ సంతకం తీసుకుని రెండు ఇస్తాం, బండి మారినప్పుడు రెండూ తిరిగి తీసుకుంటాం. తిరిగి ఇచ్చేటప్పుడు ఛాసిస్‌కు కట్టినది ఏదైనా ఉంటే అదీ విప్పి ఇవ్వాలి. దాన్ని మరిచిపోతే తర్వాతి డ్రైవరు తన బండికి అటువంటిది ఒకటి వేలాడుతోందని తెలియకుండానే తిరుగుతాడు.

తిరుగు జవాబు (కొత్త డ్రైవరు)

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కంపెనీకి రాతపూర్వకంగా అడిగితే నాలుగు రోజుల్లో రెండో తాళంచెవి ఇచ్చారు. తలుపును చెప్పినట్టే పరీక్షించాను. మామూలుగా వేసినప్పుడు ఏమీ కాలేదు, గట్టిగా వేసిన ఆరుసార్లలో రెండుసార్లు బొత్తాం దానంతట అదే దిగింది. మెకానిక్ తలుపు లోపలి అట్ట విప్పి చూస్తే, కడ్డీని పట్టి ఉంచే క్లిప్పు ఒకటి సగానికి విరిగి ఉంది. దాన్ని మార్చారు. కొత్త తాళంచెవిని ఇగ్నిషన్‌లో తిప్పితే బండి స్టార్టయింది, డ్రైవరు తలుపూ తెరుచుకుంది. అవతలి తలుపు సిలిండరు మాత్రం కదలలేదు. కంపెనీ ఇచ్చిన పాత తాళంచెవితోనూ కదలలేదు కాబట్టి, లోపం సిలిండరులోనే ఉందని తేలింది. గ్రాఫైట్ పొడి వేసి, రెండు రోజుల పాటు పొద్దునా సాయంత్రమూ మెల్లగా ఆడిస్తే మూడో రోజున తిరిగింది. ఈ రోజు తెల్లవారుజామున బెల్టుకున్న తాళంచెవితో తలుపు వేసి, కోటు తొడుక్కుని తనిఖీకి వెళ్లాను. ట్రైలర్ ఎడమవైపు వెనక చక్రం దగ్గర టైరు లోపలి అంచున ఒక కోత కనిపించింది. అది లోపలి వైపు ఉంది, మనసు తలుపు మీద ఉన్న రోజుల్లో అయితే దాన్ని చూసి ఉండేవాడిని కాదు. టైరు మార్పించుకుని ఇప్పుడే బయలుదేరుతున్నాను.